పావు పట్టీ

ల్యాబ్‌లో పన్నెండు కంప్యూటర్లుంటే ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నవి మూడే, ఆ మూడింటిలో సవ్యంగా పనిచేసేది కిటికీ పక్కనున్న ఈ ఒక్కటే. దాని ముందు రెండు కుర్చీలు. ఒకదాంట్లో తను కూర్చుంది, రెండోదాంట్లో సంచీ పెట్టింది, ఖాళీగా కనిపించకుండా. శనివారం, రెండు నలభై. నాలుగింటికి తాళం వేసేస్తానని ల్యాబ్ మేడమ్ ముందే చెప్పి, గుమ్మం దగ్గర బల్ల మీద పత్రిక పరుచుకుని గళ్ళనుడికట్టు నింపుకుంటోంది. అంటే గంటా ఇరవై నిమిషాలు. ఈలోపు ఒక ఉక్కు పట్టీని గీయాలి, దాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టాలి, లాగాలి, లాగితే మధ్యనున్న రంధ్రం అంచున లోహం ఎంత గుంజాట పడుతోందో, అదే వాళ్ళ పుస్తకాల్లో స్ట్రెస్ అంటారే, ఆ అంకె ఈ యంత్రం చేత చెప్పించాలి. మెకానికల్ నాలుగో సంవత్సరం పిల్లకి ఇదేమంత పెద్ద పని కాదు, కాకపోతే ఈ సాఫ్ట్‌వేర్‌ని తను సొంతచేత్తో తెరవడం ఇదే మొదటిసారి, ఆ సంగతి తనకీ బొంగరానికీ తప్ప మూడో మనిషికి తెలియదు. ఏడాదిపాటు ఇద్దరూ కలిసే ప్రాజెక్టు చేశారు, చేశారని కాలేజీ అంతా అనుకుంది. నిజానికి బొంగరం చేసింది, తను రాసింది.

బొంగరం అంటే తన గదిలో ఉండే అమ్మాయి, ఉండిన అమ్మాయి అనాలేమో ఇప్పుడు. ఒక్కచోట నిలవదు కాబట్టి మొదటి నెలలోనే ఆ పేరు పడింది, అదే నెలలో నోటీసు బోర్డు మీద తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దినందుకు తనకి పంతులమ్మ అని పడింది. స్క్రీన్ మీద బూడిదరంగు మైదానంలాంటిది పరుచుకుంది, మూలన మూడు రంగుల బాణాలు, ఒకటి కుడికి, ఒకటి పైకి, ఒకటి తన వైపుకి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవాళ్ళు లేరు. బొంగరమైతే కుర్చీలో సగమే కూర్చుని, ఒక కాలు కింద ఊపుతూ, మౌస్‌ని చేతిలో ఎలకపిల్లలా ఆడిస్తూ, చూడవే ఇదిగో అని అంటుండగానే ఏదో తయారైపోయేది, తను పక్కన కాగితాలు పెట్టుకుని, నెమ్మదిగా చెప్పు, రాసుకోవాలి అనేది. రాసుకుంది. అన్నీ రాసుకుంది. రాసుకున్న కాగితాలు ఇప్పుడు ఒళ్ళో ఉన్నాయి, అందులో మొదటి వరుస, ముందు కొలతల ప్రమాణం చూసుకోవాలి, మిల్లీమీటర్లా మీటర్లా, అని. చూసింది. మీటర్లు ఉన్నాయి. తను చూడకపోయి ఉంటే మూడు వందల మీటర్ల ఉక్కు పట్టీ గీసి ఉండేది, ఒక చివర ఈ కిటికీ దగ్గరుంటే రెండో చివర హాస్టల్ దాటేది. నవ్వొచ్చింది, నవ్వడానికి పక్కకి తిరిగితే సంచీ.

మూడు వందలు పొడవు, వంద వెడల్పు, పది మందం, మధ్యలో ఇరవై మిల్లీమీటర్ల రంధ్రం. గీతలు వంకర పోతే ఒకటి చెరిపి మళ్ళీ గీసింది. అసలు పట్టీ వర్క్‌షాపు ఫోర్‌మన్ గారి బీరువాలో ఉంది, పాత గుడ్డలో చుట్టి. బరువులెత్తే గొలుసుకి మధ్యలో ఉండేదట, ఐదు టన్నులదాకా మోసేదట. ఎవరో తెలివైనవాడు నంబరు బిళ్ళ తగిలించుకోవడానికి దానికి నడిమధ్యన రంధ్రం వేశాడు, పద్నాలుగేళ్ళు ఎత్తుతూ దించుతూ ఉండగా ఆ రంధ్రం అంచునుంచి వెంట్రుకంత పగులు బయల్దేరింది. ఫోర్‌మన్ గారు దాన్ని వాళ్ళిద్దరి చేతిలో పెట్టి, "రంధ్రం వేసినవాడు కొంచెం లోహమే కదా తీశాను అనుకున్నాడమ్మా. ఎంత తీశాడో మీరు లెక్కగట్టి చెప్పండి," అన్నారు. ఆయన గోరు ఆ పగులు మీద ఎంత మెల్లగా జరిపారో, పసిపిల్లకి దెబ్బ తగిలినచోట జరిపినట్టు. బయటికొచ్చాక బొంగరం అంది, "ఈయన కోసమైనా ఇది బాగా చెయ్యాలే." అప్పటికి వాళ్ళిద్దరూ ఒకే గొడుగు కింద వెళ్తున్నారు, బొంగరం ఎప్పటిలాగే గొడుగు దాటి ముందుకి దూకుతూ, తడుస్తూ.

యంత్రం లోహం పేరు అడిగింది. ఉక్కు. ఎంత సాగుతుందో, సాగినప్పుడు పక్కకి ఎంత సన్నబడుతుందో రెండు అంకెలు అడిగింది, తను కాగితం చూసి ఇచ్చింది. మెష్ అనే మీట నొక్కితే పట్టీ అంతా గళ్ళు గళ్ళయిపోయింది, గచ్చు మీద పలకలు పరిచినట్టు, రంధ్రం దగ్గర మాత్రం పలకలు కుదరక వంకరగా సర్దుకున్నాయి. ఇదీ దీని కిటుకు, పెద్ద వస్తువు గురించి ఒక్కసారిగా ఏమీ చెప్పలేం, చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కా పక్క ముక్కని ఎంత లాగుతోందో రాసి, అన్నీ కలిపి విప్పాలి. పక్కదాంతో సంబంధం లేకుండా ఒక్క ముక్క కూడా కదలడానికి లేదు. ఈ వాక్యం తన రిపోర్టులో రెండో అధ్యాయం మొదటి పేరాలో ఉంది, ప్రాజెక్టు చూసే సార్ దాని కింద గీత గీసి బాగుంది అని రాశారు. అర్థమై రాసిన వాక్యం కాదది, బాగుంటుందని రాసింది. ఇక బరువు. ఐదు టన్నులంటే యాభై వేల న్యూటన్లు. గొలుసులో పట్టీని రెండు పక్కలా లాగుతారు కదా అని తనూ కుడి చివర యాభై వేలు అటు, ఎడమ చివర యాభై వేలు ఇటు పెట్టి, లెక్క విప్పే సాల్వ్ మీట నొక్కింది. ఎర్రటి గీతతో ఒక వాక్యం వచ్చింది, నమూనాకి ఆధారం చాలదు, ఎటైనా కొట్టుకుపోవచ్చు, అని. ఎక్కడికి పోతుంది, ఇద్దరూ సమానంగా లాగుతుంటే. మళ్ళీ నొక్కింది, మళ్ళీ అదే. సమానంగా లాగడం దానికి చాలదట, ఎక్కడో ఒకచోట కదలకుండా పట్టుకుని ఉండాలట.

ల్యాబ్ మేడమ్ తలెత్తకుండానే అడిగింది, "నీ జోడీ రాలేదేం?"

"విడివిడిగా చెయ్యమన్నారు మేడమ్."

"ఓహో," అంది ఆవిడ, ఆ ఓహోలో అంతా ఉంది. ఆవిడకీ తెలుసన్నమాట. తెలియనిదెవరికి. వారం రోజులుగా భోజనశాలలో తను పళ్ళెం పట్టుకుని ఏ బల్ల దగ్గరికి వెళ్తే ఆ బల్ల దగ్గర మాటలు ఆగిపోతున్నాయి, ఎవరూ లేచిపోరు, అంత మర్యాద తక్కువవాళ్ళు కాదు, గబగబా తినేస్తారు అంతే. పంతులమ్మకి ప్రమోషన్ వచ్చింది, పోలీసమ్మ అయింది, అని తరగతిలో ఎవరో అన్నారు. తన చెవిన పడేట్టే అన్నారు. మొదటి రెండు రోజులు తల ఎత్తుకునే తిరిగింది, నిజం చెప్పినవాళ్ళకి ఇలాగే జరుగుతుంది అనుకుంటూ. గది మాత్రం మోసం చేసింది. రెండు మంచాల గదిలో ఒక మంచం మీద పరుపు లేకపోతే ఇనప పట్టీలు బయటపడి గది మొత్తం పోగొట్టుకున్నట్టు కనిపిస్తుందని ఎవరు అనుకుంటారు.

పోయినవారం గురువారం జరిగింది ఇదీ. రిపోర్టు చివరి అధ్యాయంలో పట్టిక నింపడానికి ల్యాబ్‌లో బొంగరం వాడే కంప్యూటర్ నుంచి సాఫ్ట్‌వేర్ తనంతట తాను తయారుచేసిచ్చే నివేదిక తీసి చదివింది తను. చదవడం తన పని కదా, ఒక్క చుక్క పొల్లుపోకుండా చదువుతుంది. పట్టికలో బొంగరం రాసిచ్చింది యాభై వేల న్యూటన్ల బరువు, రంధ్రం అంచున స్ట్రెస్ నూటయాభై ఆరు పాయింట్ ఎనిమిది. నివేదికలో ఉన్న బరువు ఇరవై ఐదు వేలు. సగం. బొమ్మలో ఉన్నది అసలు పట్టీయే కాదు, ఏదో మూల ముక్క, రంధ్రం స్థానంలో కొరికిన బిస్కెట్‌లాంటి వంపు. సగం బరువు, పావు పట్టీ, పైన పూర్తి పట్టీ పేరు. అప్పుడే ఫోన్ చేసింది. బొంగరం చెల్లెలికి కళ్ళజోడు మార్పించాలని ఇంటికి బయల్దేరింది, బస్సు ఎక్కుతోంది, వెనక ఒకటే గోల. "అది అలాగే చేస్తారే, వచ్చాక చూపిస్తా, బస్సు కదులుతోంది," అంది. అలాగే చేస్తారట. మొత్తం మీద ఒక సంవత్సరం పని, తన పేరు కూడా ఉన్న పని, తప్పుల తడక అయితే అలాగే చేస్తారే అంటే సరిపోతుందా. శుక్రవారం పొద్దున సార్ గదికి వెళ్ళింది. సార్ జవాబుపత్రాలు దిద్దుతూ తలెత్తకుండా విన్నారు. "బరువు సగమే ఉందా?" అన్నారు. ఉంది సార్. "సరే, ఎవరికి వారు చేసి చూపించండి. అప్పటిదాకా నేను దేని మీదా సంతకం పెట్టను." అంతే, నిమిషం పట్టలేదు. ఆ నివేదిక ఆయన చేతికి కూడా తీసుకోలేదు.

ఎడమ చివరని కదలకుండా పట్టుకుంది. కుడి చివర యాభై వేలు. సాల్వ్. ఆకుపచ్చ గీత మెల్లగా పాకి నిండింది, నిండగానే పట్టీ ఒక్కసారి రబ్బరులా సాగిపోయి కనిపించింది, రంధ్రం కోడిగుడ్డయిపోయింది, తను గాబరాగా చెయ్యి వెనక్కి తీసుకుంది, ఏదో విరగ్గొట్టినట్టు. తర్వాత చూస్తే మూలన చిన్న అక్షరాల్లో ఉంది, పన్నెండు వందల రెట్లు పెంచి చూపిస్తున్నాం, అని. నిజంగా సాగింది వెంట్రుకలో వెంట్రుకంత. దూరాన చివర్లు ఆకుపచ్చగా, మధ్యకి వచ్చేసరికి పసుపు, రంధ్రానికి పైనా కిందా చెంపల దగ్గర ఎరుపు. ఎరుపు మీద బాణం పెట్టింది. నూట ఇరవై ఒకటి పాయింట్ మూడు.

నూట ఇరవై ఒకటి. నూటయాభై ఆరు కాదు. గుండె ఎంత తేలికైపోయిందంటే, కిటికీ బయట సైకిళ్ళ షెడ్డు రేకు మీద ఎండ పడటం అప్పుడే మొదటిసారి కనిపించినట్టయింది. అయితే నేను చెప్పింది నిజమే. సగం బరువు పెట్టి, పావు ముక్క పెట్టి, తోచిన అంకె వేసింది. వారం రోజులుగా బల్లల దగ్గర ఆగిపోయిన మాటలకీ, ఆ ఇనప మంచానికీ, అన్నిటికీ ఈ అంకె సమాధానం. మూడు గంటల పది నిమిషాలు. దీన్ని అచ్చు తీసుకుని సార్ దగ్గరికి వెళ్తే చాలు. ఆయన చూడను కూడా చూడరు, బల్ల మీద పెట్టమంటారు. బొంగరం మళ్ళీ చేసి చూపించనంది, పరుపు చుట్టుకుంటూనే అంది, "నేను చేసింది చేశాను. ఒకసారి చేసినదాన్ని దొంగలా మళ్ళీ చేసి చూపించను." కాబట్టి ఎదురుచెప్పే కాగితం ఇంకోటి లేదు. తను లేచి ప్రింటర్ మీట వేసింది కూడా. అది వేడెక్కడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలూ ఊరికే ఉండలేక, అలవాటుకొద్దీ, అచ్చుకెళ్ళేముందు ఒకసారి చూసుకోవాలి కదా అని, బొమ్మని దగ్గరికి లాగి చూసింది.

రంధ్రం గుండ్రంగా లేదు. పలకలు పెద్దవి కావడంతో దాని అంచు వంపు తిరగకుండా మూలలు మూలలుగా ఉంది, లెక్కపెడితే ఎనిమిది మూలలు. తను గీసింది వృత్తం, యంత్రం లాగింది ఎనిమిది మూలల చిల్లుని. చూడకుండా ఉంటే బాగుండేది. చూశాక ఇక చూడనట్టు ఉండటం తన వంశంలో లేదు. నాన్న ముప్పై ఏళ్ళుగా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు, ఇంట్లో మందుసీసా మీద చీటీ కూడా దిద్దకుండా ఊరుకోడు. ఆయన ఒక్కసారే తప్పు దిద్దాడు, అంటే ఒప్పుని తప్పుగా దిద్దాడు. ఎవరో పోయిన ప్రకటన, ఆ మనిషి ఇంటిపేరులో ఒక అక్షరం వింతగా కనబడితే, ఇలా ఉండదులే అని కొట్టేసి మామూలుగా ఉండేది వేశాడు. అచ్చయింది. వాళ్ళ ఇంటిపేరు ఆ వింతదేనట, తాతల నాటినుంచీ. నాన్న తెల్లచొక్కా వేసుకుని వాళ్ళింటికి నడిచి వెళ్ళాడు, ఏం మాట్లాడాడో ఎప్పుడూ చెప్పలేదు, వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చుని, పక్కనే హోంవర్కు చేసుకుంటున్న తనతో అన్నాడు, "అనుమానం వస్తే పక్కన ప్రశ్నగుర్తు పెట్టాలిరా తల్లీ. కొట్టెయ్యకూడదు." అప్పుడు తనకి తొమ్మిదేళ్ళు, సరే నాన్నా అని ఎక్కం రాసుకుంది.

ప్రింటర్ ఆపి వచ్చి కూర్చుంది. పలకల కొలత పది నుంచి ఐదుకి తగ్గించింది. నూట నలభై మూడు. వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టయింది. పలకలు సన్నబడేకొద్దీ అంకె పెరుగుతోంది, అంటే మొదటి అంకె పట్టీది కాదు, తన బద్ధకానిది. నాలుగుకి తగ్గించింది. నూట నలభై ఏడు. పెరుగుతూనే ఉంది, ఎక్కడ ఆగుతుందో తెలియదు, ఆగకూడదని ఒక మనసు, నూటయాభై దగ్గరైనా ఆగిపోతే చాలు, నూటయాభై నూటయాభై ఆరు కాదు కదా అని అదే మనసు. రెండుకి తగ్గించింది. ఈసారి ఆకుపచ్చ గీత కదల్లేదు, పెట్టెలో ఒక వాక్యం: విద్యార్థుల లైసెన్సులో ఇన్ని నోడ్లకు అనుమతి లేదు. నోడ్లంటే పలకల మూలలు, ఒకదానికొకటి కలిసే చోట్లు. పట్టీ అంతా రెండేసి మిల్లీమీటర్ల పలకలు పరిస్తే మూలలు లక్ష దాటాయి. మూడు పెట్టింది, అదే వాక్యం. కుడితిలో పడ్డ ఎలుకలా ఆ కొలత పెట్టెలోనే తిరిగింది కాసేపు, మూడున్నర, మూడు పాయింట్ రెండు, వాక్యం మారలేదు. మూడు ఇరవై ఐదయింది.

"మేడమ్, నోడ్లు సరిపోవట్లేదంటోంది. ఏం చేస్తారు?"

"నాకేం తెలుసమ్మా, నేను తాళాలు వేసేదాన్ని," అంది ఆవిడ. ఒక గడి నింపి, "పోయినేడాది ఆ గంతులేసే పిల్లని అడిగితే, పట్టనప్పుడు కోసుకోవాలి మేడమ్ అంది. ఏం కోసుకుందో మరి," అంది.

పట్టనప్పుడు కోసుకోవాలి. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే సహాయం పేజీలు తెరిచింది, వారంలో తను చూసిన వీడియోల్లో ఎవరూ తెరవనివి, కొత్తగా నేర్చుకునేవారికి అనే విభాగంలో ఐదో పేజీ. ఒక బొమ్మ. నిండు పలక, మధ్యలో రంధ్రం, దాని మీద నిలువుగా ఒక చుక్కల గీత, అడ్డంగా ఒక చుక్కల గీత. పక్కన దాని పావు ముక్క, మూల కొరికిన బిస్కెట్‌లాంటి వంపుతో. తను చూసిన బొమ్మే. వస్తువు నాలుగు వైపులా ఒకేలా ఉండి, లాగడమూ ఒకేలా ఉంటే, నాలుగు ముక్కల్లో ఒక్కటి చేస్తే చాలు, మిగతా మూడూ అద్దంలో బొమ్మల్లా దాన్నే చేస్తాయి, అని రాసి ఉంది. కోసినచోట అవతలి ముక్క ఉన్నట్టే నడుచుకోవాలి, అంటే కోత అంచు తన గీత మీద జారవచ్చు గాని గీత దాటకూడదు. దాని కింద, గమనిక: పొడవునా కోస్తే వెడల్పు సగమవుతుంది, అందుకని చివరన పెట్టే బరువు సగం చెయ్యడం మరవకండి.

ఆ వరుస మళ్ళీ చదివింది. మూడోసారి చదివింది. నేర్చుకునేవారికి ఐదో పేజీలో ఉన్న సంగతి. సగం వెడల్పుకి సగం బరువు, ఇరవై ఐదు వేలు. బొంగరం దీన్ని దాచలేదు, దాచాలని ఎవరికి తోస్తుంది, కూరలో ఉప్పు వేశానని ఎవరైనా విడిగా చెబుతారా. అది అలాగే చేస్తారే. అవును, అలాగే చేస్తారు.

ఇక చెయ్యక్కర్లేదు, అయినా చేసింది. పట్టీని నిలువునా కోసింది, అడ్డంగా కోసింది, మూడు ముక్కలు తీసేసింది. పెద్ద మైదానంలో ఒక్క ముక్క మిగిలింది. కోతల మీద జారే ఆధారాలు పెట్టింది, ఇంకో దిక్కున కొట్టుకుపోతుందని ఎర్రగీత వస్తే వెనక ముఖాన ఒక మూల కూడా పట్టింది, ఇరవై ఐదు వేలు పెట్టింది, పలకలు రెండు మిల్లీమీటర్లు. సాల్వ్. ఈసారి యంత్రం ఏమీ అనలేదు, గీత పాకడం మొదలుపెట్టింది, సన్నపలకలు కాబట్టి మెల్లగా పాకుతోంది, తనకి చెయ్యడానికి ఏమీ లేదు, చూస్తూ కూర్చోవాలి. ఖాళీగా కూర్చుంటే గురువారం వచ్చింది, గురువారం వెనకాల బుధవారం వచ్చింది.

బుధవారం గురించి తను ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా చెప్పుకోలేదు. ఆ రోజు సాయంత్రం సార్ ఇద్దరినీ పిలిచి, పెద్ద డిజైన్ ఆఫీసు ఒకటి ఆరునెలల శిక్షణకి పిల్లల్ని తీసుకుంటోందని, వచ్చేవారం శనివారం ఐదింటిలోపు ఉత్తరం వెళ్ళాలని చెప్పి, కుర్చీ బొంగరం వైపు తిప్పుకుని, నీ పేరు రాస్తున్నానమ్మా అన్నారు. ఏడాదంతా ఆయన కుర్చీ అటే తిరిగి ఉండేది. తర్వాత, బాగుండదని గుర్తొచ్చి, తన వైపు చూసి, "నువ్వు రిపోర్టు బాగా రాస్తావులే. కానీ వాళ్ళు సాఫ్ట్‌వేర్ అడుగుతారు కదమ్మా," అన్నారు. బొంగరం గదికి వచ్చేదాకా గంతులేసింది, వచ్చాక తన మొహం చూసి ఆగిపోయి, "నీకూ నేర్పించేస్తానే, రెండు వారాల పని," అంది. ఆ మాటే పుండు మీద కారం అయింది. రెండు వారాల పని, ఏడాదిగా పక్కన కూర్చుని తను నేర్చుకోనిది. ఆ మర్నాడు, గురువారం, నివేదిక చదువుతున్నప్పుడు ఇరవై ఐదు వేలు కనబడగానే తనకి మొదట కలిగింది అనుమానం కాదు. దొరికింది అనిపించింది. తర్వాత దానికి న్యాయం, నిజాయితీ, నా పేరు కూడా ఉంది అని బట్టలు కట్టింది. ఫోన్ చేసింది ఎందుకు, బస్సు ఎక్కే వేళకే ఎందుకు. చెప్పడానికి వీల్లేని వేళ అడిగి, చెప్పలేదని అనుకోవడానికి. పరుపు చుట్టేటప్పుడు బొంగరం తాడు ముడి వేస్తూ, తలొంచుకునే, "అడిగావు, వచ్చాక చూపిస్తానన్నాను. రెండు రోజులు ఆగలేకపోయావా?" అంది. ఆగలేకపోయింది మరి. ఆగితే సమాధానం వచ్చేస్తుందని భయం.

గీత నిండింది. ముక్క రంగులు తేలింది. ఎరుపు మీద బాణం పెట్టింది. నూటయాభై ఆరు పాయింట్ ఏడు. ఒకటిన్నరకి తగ్గించి ఇంకోసారి నడిపింది, నూటయాభై ఆరు పాయింట్ ఎనిమిది, ఆ పైన ఎంత తగ్గించినా అక్కడే. స్క్రీన్ మీద ఆ అంకె బొంగరం చేతిరాతలో ఉన్నట్టే కనిపించింది, ఎనిమిదిని రెండు సున్నాలు పేర్చినట్టు రాస్తుంది ఆ పిల్ల. ఇంత చిన్న విషయం పంచుకోవడానికి పక్క కుర్చీలో ఎవరూ లేరు, ఉండాల్సిన మనిషికే ఇది చెప్పడానికి తనకి మొహం లేదు. మూడు యాభై మూడు. ల్యాబ్ మేడమ్ తాళాలు తీసి చప్పుడు చేసింది. రెండు కాగితాలు అచ్చు తీసింది, కొత్తగా తను చేసినదీ, నేర్చుకునేవారికి ఐదో పేజీ. కంప్యూటర్ ఆపి, సంచీ భుజానికి తగిలించుకుంటే, ఆ కుర్చీ ఖాళీగా కనబడింది.

సార్ గదికి వెళ్ళేసరికి ఆయన చేతిసంచి సర్దుకుంటున్నారు. తను రెండు కాగితాలూ బల్ల మీద పెట్టి, దారిపొడవునా మనసులో కూర్చుకున్నదంతా వదిలేసి, "తప్పు నాది సార్. ఆ అమ్మాయి సరిగ్గానే చేసింది. నాకు తెలియక చెప్పాను," అంది. తెలియక అన్నమాట సగం నిజమే, మిగతా సగం ఆయనకి అక్కర్లేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని అర నిమిషం చూశారు. "పావు నమూనా. ఇది మొదటివారం పాఠం కదమ్మా," అన్నారు విసుగ్గా. మరి ఆ రోజు మీరు కాగితం చేతికి తీసుకుని ఉంటే, అనబోయి మానుకుంది. ఆయన తప్పు ఆయనకే ఉండనీ, తనది చిన్నదవదు. సొరుగులోంచి ఉత్తరం తీసి, వారంగా అక్కడే ఉన్న ఉత్తరం, సంతకం చేసి ఇచ్చారు. "ఐదింటిలోపు ఆఫీసులో ఇవ్వమను," అన్నారు. నాలుగూ పదిహేను.

హాస్టల్ మెట్లు పరిగెత్తుతూ ఎక్కింది, మూడో అంతస్తు, బొంగరం ఇప్పుడుంటున్న గది, తలుపు తీసే ఉంది. బొంగరం కిటికీ దగ్గర నిలబడి జుట్టు దువ్వుకుంటోంది, కదలకుండా నిలబడి. ఆ పిల్ల అలా ఒకచోట నిలబడటం తను ఎప్పుడూ చూడలేదు. కాగితాలూ ఉత్తరమూ కలిపి చాచింది. ఊపిరి ఆడక మాటలు ముక్కలయ్యాయి. "నేనే చేశాను. పావు ముక్క. నూటయాభై ఆరు పాయింట్ ఎనిమిది వచ్చింది. సార్‌కి చెప్పాను తప్పు నాదేనని. సంతకం పెట్టారు, ఐదింటిలోపు ఇవ్వాలి."

బొంగరం ఉత్తరం అందుకోలేదు వెంటనే. కాగితం మీద అంకె చూసింది, పలకల బొమ్మ చూసింది, ఒక్క క్షణం పాత కళ్ళతో, బాగా వచ్చిందే అనబోయేదానిలా. తర్వాత తల ఎత్తింది.

"ఇది ఎప్పుడు వచ్చింది నీకు?"

"ఇందాక. నాలుగింటికి ముందు."

"నేను ఇక్కడే ఉన్నాను. పొద్దుట్నుంచీ." దువ్వెన బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు కూడా ముందు ఆయన దగ్గరికే వెళ్ళావు."

సంతకం కోసం, ఐదు దాటిపోతుందని, ఉత్తరం లేకుండా ఉట్టిచేతులతో ఎలా వచ్చేది, అని ఎన్నో ఉన్నాయి చెప్పడానికి, అన్నీ నిజమే, ఏ ఒక్కటీ ఆ మాటకి జవాబు కాదు. సార్ గదికి వెళ్ళే దారిలో ఈ హాస్టల్ గేటు ముందునుంచే నడిచింది తను. తలెత్తి ఈ కిటికీ చూసింది కూడా. ఆయనకి చెప్పడం సులువు, ఆయన తలెత్తకుండా వింటారు. బొంగరం ఉత్తరం తీసుకుని రెండు మడతలు పెట్టి, చెప్పులేసుకుంది. గుమ్మం దాటుతూ తనని తగలకుండా పక్కకి ఒత్తిగిలి, ఎవరికో దారి ఇచ్చినట్టు, "థాంక్స్," అంది.

వ్యంగ్యం లేదు అందులో. కోపం ఉన్నా బాగుండేది. బస్సులో జరిగి చోటిచ్చినవాళ్ళకి చెప్పినట్టు, మర్యాదగా, శుభ్రంగా చెప్పింది. మూడేళ్ళు ఒకే సబ్బు, ఒకే గొడుగు, ఒకరి బట్టలు ఒకరు వేసుకుని తిరిగిన ఇద్దరి మధ్య ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు, రావాల్సిన అవసరం పడలేదు. మెట్ల మీద బొంగరం అడుగులు వినిపించాయి, రెండేసి మెట్లు దూకుతూ కాదు, ఒక్కొక్కటే దిగుతూ. ఆ గదిలో ఉండే జూనియర్ పిల్ల ఒకతి వచ్చి, గుమ్మంలో నిలబడ్డ ఆమెని చూసి, "ఎవరికోసమండీ?" అని అడిగింది.

"ఎవరికోసం కాదు," అంది ఆమె, తలుపు దగ్గర్నుంచి జరిగి.